బానెట్ కింద స్పోర్ట్స్ కారు

బ్రిటీషు స్పోర్ట్స్ కారు అనగానే రెండు సీట్లు, మడిచిపెట్టే టాపు, పొడుగాటి బానెట్ ఉన్న బండి కళ్లముందు నిలుస్తుంది. ఎం.జి.ఏ., ఎం.జి.బి., ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ ఆ కోవలోవి. అలాంటివి బెంగళూరులోనో హైదరాబాదులోనో ఏ సంపన్నుడి షెడ్డులోనో ఉంటాయి గానీ బళ్ళారి నుంచి గుంతకల్లు దాకా వెతికినా ఎదురుపడవని మనవాళ్ల నమ్మకం. బండి వరకు ఆ మాట చెల్లుతుంది, ఇంజను వరకు చెల్లదు. పెళ్లిళ్లకు, ఆఫీసర్లకు, టాక్సీలకు దశాబ్దాలపాటు తిరిగిన పెట్రోలు అంబాసిడర్‌లో ఉన్నది ఎం.జి.ఏ. ఇంజను కుటుంబమే. మద్రాసులో తయారై మన డాక్టర్ల, ప్లీడర్ల ఇళ్ల ముందు నిలబడిన స్టాండర్డ్ హెరాల్డుకూ, స్పిట్‌ఫైర్‌కూ ముందు చక్రాల అమరిక ఒకటే.

కాబట్టి పాత బ్రిటీషు స్పోర్ట్స్ కారును నడిపించే విద్యలో సగానికి పైగా ఈ సరిహద్దు జిల్లా మేస్త్రీల చేతుల్లో ఉంది. ఆ విద్య ఏమిటి, మన ఎండకూ దుమ్ముకూ అది ఎలా అమరుతుంది, బండిలో ఏది మార్చవచ్చు, ఏది ముట్టుకోకూడదు అన్నవి కారు ఉన్నవాళ్లూ కొనాలనుకునేవాళ్లూ తెలుసుకోవాల్సిన సంగతులు. వీటన్నిటి వెనకా ఉన్న సూత్రం ఒక్కటే: విప్పినదాన్ని మళ్లీ బిగించగలగాలి.

రెండు కుటుంబాలు

అంబాసిడర్ మూలం మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ 1958లో మొదలుపెట్టి 2014 దాకా తయారు చేసింది. తొలినాళ్ల సైడ్‌వాల్వు ఇంజను పోయాక అందులోకి 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను వచ్చింది. దాని పేరు బి-సిరీస్. 1955లో ఇంగ్లండులోని ఆబింగ్‌డన్‌లో పుట్టిన ఎం.జి.ఏ.లోనూ అదే కొలత ఇంజను ఉంది, ఒకటికి బదులు రెండు ఎస్‌.యు. కార్బొరేటర్లతో. 1962లో వచ్చిన ఎం.జి.బి. కోసం అదే ఇంజనును 1798 సీసీకి పెంచారు. ఎం.జి.ఏ.లు లక్షకు పైగా, ఎం.జి.బి.లు ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. అంబాసిడర్ ట్యాపెట్లు సెట్ చేసిన మేస్త్రీకి ఎం.జి. బానెట్ ఎత్తితే కొత్తగా కనిపించేది రెండో కార్బొరేటర్ ఒక్కటే.

హెరాల్డుది ఇంకా ఆసక్తికరమైన కథ. 1950లలో స్టాండర్డ్-ట్రయంఫ్ కంపెనీకి బాడీలు అచ్చుపోసి ఇచ్చే ఫిషర్ అండ్ లడ్లో సంస్థను పోటీదారు బి.ఎం.సి. కొనేసింది. ఒకే పెంకులా ఉండే బాడీని చేయించుకునే దారి మూసుకుపోయింది. దాంతో ఇంజనీరు హ్యారీ వెబ్‌స్టర్ బృందం విడి ఛాసిస్ వేసి, దాని మీద విడివిడి ముక్కలను బోల్టులతో బిగించే పద్ధతి ఎంచుకుంది. రూపం గీసింది ఇటలీ డిజైనర్ జొవాన్ని మికెలోట్టి. అలా 1959లో హెరాల్డు వచ్చింది. ముక్కలుగా పంపించి ఎక్కడైనా బిగించుకోగల బండి కాబట్టి విదేశాల్లో తయారీకి చక్కగా కుదిరింది. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా 1961లో దీన్ని మొదలుపెట్టింది. 1968లో నాలుగు తలుపుల మార్క్ త్రీ మన దేశం కోసమే తెచ్చింది. 1970లలో దీని వారసురాలిగా గజెల్ వచ్చింది.

అదే హెరాల్డు విడిభాగాలతో, పొట్టి ఛాసిస్ మీద మికెలోట్టి గీసిన రెండు సీట్ల బండి స్పిట్‌ఫైర్. 1962 నుంచి 1980 దాకా మూడు లక్షలకు పైగా తయారైంది. మన హెరాల్డులో 948 సీసీ ఇంజను చివరిదాకా అలాగే ఉండిపోతే, స్పిట్‌ఫైర్‌లో అదే ఇంజను వంశం 1147, 1296, 1493 సీసీల దాకా ఎదిగింది. హెరాల్డు ముందు చక్రాలను మోసే నిలువు లింకును లోటస్ కంపెనీ తన ఎలాన్ స్పోర్ట్స్ కారుకు కూడా వాడుకుంది. షోళవరం పాత విమానాల రన్‌వే మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ నడిపిన పందేల్లో అంబాసిడర్లు, ఫియట్లతో పాటు హెరాల్డులూ పరుగెత్తాయి. ఆ బండ్లను సిద్ధం చేసినవాళ్లు ఇంట్లో వాడే కారులోంచే పందెం కారును తీశారు.

మన ఎండ, మన దుమ్ము

బళ్ళారి ఎండ ఇనుముకు మేలు, రబ్బరుకు కీడు. ఇక్కడ వాన తక్కువ, గాలిలో ఉప్పు లేదు. విశాఖలోనో చెన్నైలోనో సముద్రపు గాలి తిన్న ఛాసిస్ కంటే ఇక్కడ నిలిచి ఉన్న ఛాసిస్ గట్టిగా ఉండే అవకాశం ఎక్కువ. అయితే నలభై డిగ్రీలు దాటిన వేసవిలో తలుపుల రబ్బర్లు పగులుతాయి, హోసులు గట్టిపడతాయి, పెట్రోలు పైపులోనే ఆవిరవుతుంది.

ఆవిరి సంగతి పాత డ్రైవర్లందరికీ తెలుసు. ఎండలో ఎక్కువ దూరం పోయి ఐదు నిమిషాలు ఆపితే బండి మళ్లీ స్టార్ట్ కాదు. పంపులో ద్రవం బదులు ఆవిరి చేరి పెట్రోలు లాగదు. పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగితే కదులుతుంది. శాశ్వతంగా బాగుపడాలంటే పెట్రోలు పైపును సైలెన్సర్ మానిఫోల్డుకు దూరంగా జరపాలి, కార్బొరేటర్‌కీ మానిఫోల్డుకీ మధ్య వేడిని ఆపే రేకు పెట్టాలి. ఎం.జి., ట్రయంఫ్ యజమానులు ఇంగ్లండులో చేసుకునేదీ ఇదే. అక్కడ కొద్దిరోజుల వేసవికి చేసుకుంటారు, మనకు ఏడాదిలో మూడు నాలుగు నెలలు తప్పదు.

"మేస్త్రీ, బండి హీటెక్కుతాంది" అనగానే వినిపించే మొదటి సలహా "థర్మోస్టాట్ పీకేద్దాం అన్నా" అని. ఇది మానుకోవాల్సిన అలవాటు. థర్మోస్టాట్ లేని ఇంజను చలికాలం పొద్దున చల్లగానే పరుగెత్తుతుంది. అప్పుడు కాలని పెట్రోలు సిలిండరు గోడ మీద ఆయిలును కడిగేస్తుంది, రింగులు అరుగుతాయి. వేడెక్కడానికి అసలు కారణం చాలాసార్లు రేడియేటర్‌లోనూ బ్లాకులోనూ పేరుకున్న పెచ్చే. మన బోరునీళ్లలో సున్నపు ఉప్పులు ఎక్కువ. అవి పోసిన ప్రతిసారీ పెచ్చు పెరుగుతుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి పోయడం, బ్లాకు పక్కనున్న డ్రెయిన్ ప్లగ్గు తీసి వెనక సిలిండరు చుట్టూ చేరిన మడ్డి కడగడం, రేడియేటర్‌కు కొత్త కోర్ వేయించడం: ఈ మూడు పనులతో బండి చల్లబడుతుంది. ఆ తర్వాతే ఎలక్ట్రిక్ ఫ్యాను ఆలోచన.

ఇక దుమ్ము. సండూరు కొండల వైపు, తోరణగల్లు దారిలో లేచే ఎర్రదుమ్ములో ఇనుప ఖనిజం ఉంటుంది. అది గ్రీజుతో కలిస్తే సానపట్టే ముద్దలా పనిచేస్తుంది. పాత స్పోర్ట్స్ కార్లకు షోకు కోసం ఎయిర్ ఫిల్టరు తీసేసి కార్బొరేటర్ నోళ్లు తెరిచిపెట్టే అలవాటు ఉంది. పందెం రోజు కోసం అది సరే, బళ్ళారి రోడ్డు మీద మాత్రం సిలిండరు బోరుకు త్వరగా ఖర్చు తెస్తుంది. ఫిల్టరు ఉంచాలి, పుస్తకంలో రాసిన గడువులో సగానికే శుభ్రం చేయాలి. గ్రీజు నిపిళ్లను ముందు గుడ్డతో తుడిచి, పాత గ్రీజు మొత్తం బయటికి వచ్చేదాకా కొట్టాలి.

హెరాల్డు, స్పిట్‌ఫైర్ ముందు చక్రాల అడుగున ట్రనియన్ అనే కంచు భాగం ఉంటుంది. నిలువు లింకు చివరనున్న మర అందులోనే తిరుగుతుంది. దానికి గ్రీజు కాదు, ఇ.పి. 90 గేరు ఆయిలు పట్టాలి. గ్రీజు గట్టిపడితే మర దాకా చేరదు, నీరు చేరి తుప్పు పడుతుంది, ఒకరోజు మలుపులో లింకు విరిగి చక్రం పక్కకు వాలిపోతుంది. ఈ కార్ల మీద ఉన్న చెడ్డపేర్లలో పెద్దది ఇదే, దాని మందు మాత్రం కొద్దిపాటి ఆయిలే.

చెవి, వేలు, ఫీలర్ గేజ్

ఈ కార్ల ట్యూనింగుకు కంప్యూటర్ అక్కర్లేదు గానీ క్రమం తప్పకూడదు. ముందు వాల్వులు, తర్వాత ఇగ్నిషన్, ఆఖరున కార్బొరేటర్. మొదటి రెండూ సరిగా లేకుండా కార్బొరేటర్ స్క్రూ తిప్పితే రోజంతా తిప్పుతూ ఉండాల్సిందే.

వాల్వుల గ్యాపు సెట్ చేయడానికి మంచి పాత చిట్కా ఉంది. ఈ నాలుగు సిలిండర్ల ఇంజన్లకు వాల్వులు ఎనిమిది. పూర్తిగా కిందికి నొక్కుకున్న వాల్వు నంబరును తొమ్మిదిలోంచి తీసేస్తే వచ్చే నంబరు వాల్వును సెట్ చేయాలి. ఒకటో వాల్వు నొక్కుకుని ఉంటే ఎనిమిదోది, మూడోది నొక్కుకుని ఉంటే ఆరోది. హెరాల్డుకు ఇంజను చల్లగా ఉన్నప్పుడు 0.010 అంగుళం, అంటే పావు మిల్లీమీటరు. బి-సిరీస్‌కు కొలత వేరు, దాని పుస్తకం చూసుకోవాలి. ఫీలర్ గేజ్ పట్టీ లాగుతుంటే కొద్దిగా పట్టుకున్నట్టుండాలి. టకటక శబ్దం అసలే వినపడకుండా బిగించిన ట్యాపెట్ ఇంజనుకు మంచిది కాదు. వాల్వు పూర్తిగా మూసుకోక అంచు కాలిపోతుంది.

మన గ్యారేజీల్లో డెల్కో అని పిలిచే డిస్ట్రిబ్యూటర్ సంగతి తర్వాత. పాయింట్ల గ్యాపు 0.015 అంగుళం, ప్లగ్గుల గ్యాపు 0.025. హెరాల్డుకైనా అంబాసిడర్‌కైనా మంట వరస ఒకటి, మూడు, నాలుగు, రెండు. బండి మిస్సింగ్ కొడుతుంటే కార్బొరేటర్‌ను తిట్టే ముందు పాయింట్లు, కండెన్సర్ చూడాలి.

ఆఖరిది ఎస్‌.యు. కార్బొరేటర్. ఇది చాలా తెలివైన సాధనం. ఇంజను ఎంత గాలి పీలిస్తే అంత పైకి లేచే పిస్టన్, దానికి కింద సన్నగా చెక్కిన సూది, ఆ సూది దిగే జెట్టు. ఇంతే దాని సంసారం. పిస్టన్ పైభాగంలోని గొట్టంలో సన్నటి ఆయిలు ఉండాలి. అది ఎండిపోతే యాక్సిలరేటర్ తొక్కగానే బండి గుటక వేసినట్టు ఆగి కదులుతుంది. మిశ్రమం సరిచూసేది వేలితోనే. ఇంజను వేడెక్కాక పిస్టన్‌ను పిన్నుతో చాలా కొద్దిగా ఎత్తాలి. ఇంజను వేగం పెరిగి అలాగే నిలబడితే పెట్రోలు ఎక్కువ. ఆగిపోబోతే తక్కువ. కొద్దిగా పెరిగి వెంటనే మామూలు స్థాయికి వస్తే సరిపోయినట్టు.

రెండు కార్బొరేటర్లున్న బండికి ఇంకో పని ఉంది. రెండూ సమానంగా గాలి పీల్చాలి. అడుగు పొడవు రబ్బరు గొట్టం ఒక చివర చెవి దగ్గర, రెండో చివర కార్బొరేటర్ నోటి దగ్గర పెట్టి ఆ బుసను వినాలి. రెండిట్లోనూ ఒకే స్థాయి వచ్చేదాకా థ్రాటిల్ స్క్రూలు సర్దాలి. ఖరీదైన మీటర్లు ఉన్నా ఇంగ్లండు మేస్త్రీలు ఈ గొట్టాన్ని ఇప్పటికీ వదల్లేదు. అంబాసిడర్ ఎస్‌.యు. శబ్దం ముప్పై ఏళ్లు విన్న చెవికి ఇది ఒక పూట పని.

పానాల విషయం చిన్నదే గానీ చేసే నష్టం పెద్దది. ఈ కార్ల బోల్టులు అంగుళాల లెక్కవి. అర అంగుళం బోల్టు 12.7 మిల్లీమీటర్లు, దానికి 13 నంబరు పానా పట్టినట్టే ఉంటుంది. నాలుగుసార్లు తిప్పేసరికి మూలలు అరిగి బోల్టు గుండ్రమవుతుంది, ఆపై గ్యాస్ కటింగే గతి. 7/16, 1/2, 9/16 అంగుళాల పానాలు విడిగా కొని, మెకానిక్కు చేతికి మీరే ఇవ్వండి.

కొనేముందు చూడాల్సినవి

పెయింటు మెరుపు చూసి బేరం మొదలుపెట్టకూడదు. ముందు బండి కింద పడుకోవాలి. హెరాల్డుకు విడి ఛాసిస్ ఉంది కాబట్టి పక్కపట్టీలు తుప్పుపట్టినా బండి నిలబడుతుంది, ఛాసిస్ రెక్కలు మాత్రం గట్టిగా ఉండాలి. స్పిట్‌ఫైర్‌కు అలా కుదరదు. తలుపుల కింది పట్టీలే దాని బలం. ఎం.జి.బి.కి విడి ఛాసిస్ లేనే లేదు, అక్కడా ఆ పట్టీలే ఆధారం. తలుపు తెరిచి మూసి చూడండి. గ్యాపు పైన ఒకలా కింద ఒకలా ఉంటే నడుం వంగిందని అర్థం. ఇలాంటి బండికి జాకీ సపోర్టు సరిగా పెట్టకుండా పట్టీలు కోసి వెల్డింగు చేస్తే, ఆ వంపు శాశ్వతమవుతుంది.

ట్రయంఫ్ ఇంజనుకు ఒక పరీక్ష తప్పనిసరి. ఒకరు క్లచ్ తొక్కుతుంటే ఇంకొకరు ముందున్న క్రాంక్ పుల్లీని చూడాలి. కళ్లకు కనిపించేంతగా ముందుకూ వెనక్కూ కదిలితే థ్రస్ట్ వాషర్లు అరిగిపోయాయి. అవి జారి కింద పడితే క్రాంకు, బ్లాకు రెండూ చెడతాయి. సంపు విప్పి ముందుగా మారిస్తే తక్కువ ఖర్చుతో పోతుంది. ట్రాఫిక్ సిగ్నలు దగ్గర క్లచ్ తొక్కి ఉంచకుండా న్యూట్రల్‌లో పెట్టడం ఈ కార్లు నేర్పే మంచి అలవాటు.

వెనక చక్రాల తీరు కూడా తెలిసి ఉండాలి. హెరాల్డులోనూ తొలి స్పిట్‌ఫైర్లలోనూ వెనక అడ్డంగా ఒకే కమాను కట్ట, రెండు పక్కలా ఊగే యాక్సిల్ ఉంటాయి. వేగంగా మలుపు తిరుగుతూ హఠాత్తుగా యాక్సిలరేటర్ వదిలేస్తే వెనకభాగం లేచి, చక్రం లోపలికి మడుచుకుని, బండి తోక తిప్పుతుంది. సండూరు కొండదారిలో బ్రేకు మలుపుకు ముందే వేయాలి, మలుపులో యాక్సిలరేటర్ మీద కాలు నిలకడగా ఉంచాలి. కంపెనీయే ఈ లోపాన్ని ఒప్పుకుని 1970 నాటి మార్క్ ఫోర్ స్పిట్‌ఫైర్‌లో కమాను బిగించే తీరు మార్చింది. మద్రాసు కంపెనీ గజెల్‌కు మనవాళ్లకు అలవాటైన గట్టి యాక్సిలే వేసింది.

కాగితాలు బండితో సమానం. మన దగ్గర ఒక కుటుంబం ఇల్లు బళ్ళారిలో, పొలం ఆలూరులో, కారు నంబరు అనంతపురానిది అయి ఉండటం మామూలు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు, బళ్ళారి ఇటు అయ్యాయి, రాకపోకలు మాత్రం ఆగలేదు. ఒక రాష్ట్రం నంబరుతో ఉన్న బండిని ఇంకో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే కొత్త రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. దానికి పాత ఆర్టీవో ఇచ్చే నిరభ్యంతర పత్రం, అంటే ఫారం 28 కావాలి. అసలు యజమాని చనిపోయి, వారసులు నలుగురు నాలుగు ఊళ్లలో ఉన్న బండికి ఈ కాగితం సంపాదించడం ఇంజను బాగు చేయించడం కంటే కష్టం. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీతో సరిపోయాకే అడ్వాన్సు ఇవ్వాలి.

పెట్రోలు మారింది

ఈ ఇంజన్లు తయారైన కాలంలో పెట్రోలులో సీసం ఉండేది. వాల్వు కూర్చునే చోట అది మెత్తలా పనిచేసేది. మన దేశమంతటా 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే. పాత పోత ఇనుము హెడ్డులో వాల్వు సీట్లు మెల్లగా లోపలికి అరుగుతాయి, ట్యాపెట్ గ్యాపు దానంతటదే తగ్గుతూ పోతుంది. హెడ్డు ఎప్పుడు విప్పినా గట్టి స్టీలు సీట్లు వేయించుకుంటే ఆ బాధ తీరుతుంది. లేత్ షాపుల్లో లారీ హెడ్డులకు రోజూ చేసే పనే ఇది.

ఇప్పుడు వచ్చినది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బిస్తుంది, గాలిలో తేమను లాక్కుంటుంది, ట్యాంకు అడుగున తుప్పు పెంచుతుంది. అందులో ఆక్సిజన్ ఉండటం వల్ల మిశ్రమం పల్చబడి ఇంజను వేడిగా నడుస్తుంది. చేయాల్సినవి స్పష్టమే: ఇథనాల్‌కు తట్టుకునే హోసులు, పంపు డయాఫ్రాము, కార్బొరేటర్ సీళ్లు వేయాలి. జెట్టు ఒకింత దించి మిశ్రమం చిక్కబరచాలి. నెలల తరబడి నిలిపే బండి ట్యాంకులో పెట్రోలు ఉంచకూడదు.

ఆయిలు విషయంలో కొత్తదే గొప్పదనుకోవద్దు. ఈ ఇంజన్లలో కామ్ షాఫ్టు మీద ట్యాపెట్లు రాసుకుంటూ తిరుగుతాయి. జింకు ఎక్కువగా ఉన్న 20డబ్ల్యు-50 మినరల్ ఆయిలు వాటికి రక్ష. కొత్త కార్ల కోసం చేసిన పల్చటి సింథటిక్ ఆయిలు పోస్తే కామ్ అరుగుతుంది, పాత సీళ్లలోంచి కారుతుంది కూడా.

మార్పుల్లో రెండు దారులు

బండిని మార్చుకోవడం మనకు కొత్త కాదు. పెట్రోలు ధర భరించలేక అంబాసిడర్‌లో మెటాడోర్ డీజిలు ఇంజను దింపిన కాలం ఉంది. ఆ పనిలో గేరుబాక్సు బెల్ హౌసింగు నుంచి ఇంజను మౌంటింగుల దాకా అన్నీ లేత్ మీద చేయించుకున్నారు. పొదుపు కోసం పుట్టిన ఆ పనితనాన్ని తక్కువ చేయలేం, ఒక తరం టాక్సీవాళ్ల కుటుంబాలు దానిమీద బతికాయి. కానీ అందులో పీకేసిన బి-సిరీస్ ఇంజన్లు చాలావరకు తుక్కుకు పోయాయి. ఇవాళ అదే ఇంజను కోసం వెతుక్కుంటున్నాం.

అందుకే మార్పులను రెండు రకాలుగా చూడాలి. ఒకటి, ఒక పూటలో వెనక్కి తీసుకోగలిగినవి. పాయింట్ల బదులు డెల్కో లోపలే ఇమిడిపోయే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, డైనమో బదులు ఆల్టర్నేటర్, ఎలక్ట్రిక్ ఫ్యాను, హెడ్‌లైట్లకు రిలేలు, రేడియల్ టైర్లు, సీటు బెల్టులు. డైనమో ఇచ్చేది ఇరవై ఆంపియర్ల చిల్లర. రాత్రిపూట హెడ్‌లైట్లు, ఫ్యాను, హారన్ కలిస్తే అది చాలదు. అయితే పాత బ్రిటీషు కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ తీగ బాడీకి కలిపి ఉంటుంది. ఆల్టర్నేటర్ పెట్టేముందు దాన్ని నెగటివ్‌కు మార్చకపోతే మొదటి క్షణంలోనే డయోడ్లు కాలిపోతాయి.

వీటిలో అన్నిటికంటే ముందు చేయాల్సింది బ్రేకులు. పాత బండ్లకు నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే బ్రేకు లైను. ఒక్క చోట లీకైతే పెడల్ నేలకు తాకుతుంది. రెండు లైన్ల మాస్టర్ సిలిండరు వేయడం ప్రాణరక్షణ. హెరాల్డుకు స్పిట్‌ఫైర్ ముందు డిస్కులు బిగించవచ్చు, బంధుత్వం అక్కడ పనికొస్తుంది. వేగం పెంచే మార్పు ఆలోచించేముందు ఆపే శక్తి పెంచాలి.

వేగం కావాలంటే కంపెనీ నడిచిన దారే మంచిది. ఇంగ్లండులో 1959 నాటి హెరాల్డు సెలూన్ ఒక సోలెక్స్ కార్బొరేటర్‌తో సుమారు 35 గుర్రాల శక్తి ఇచ్చింది. అదే 948 సీసీ ఇంజను కూపే బండిలో రెండు ఎస్‌.యు.లతో 45 దాకా వెళ్లింది. మానిఫోల్డు, కార్బొరేటర్లు మారిస్తే చాలావరకు ఆ తేడా వస్తుంది, పాతవి అటకమీద పెట్టుకుంటే ఎప్పుడైనా తిరిగి బిగించవచ్చు.

రెండో రకం మార్పులు తిరిగిరానివి. వేరే కంపెనీ ఇంజను దింపడానికి ఛాసిస్ కోయడం, వెడల్పు చక్రాల కోసం మడ్‌గార్డులు కత్తిరించడం, సెలూన్ టాపు కోసేసి కన్వర్టిబుల్ చేయడం. ఇవి చేసిన రోజు బండి కొత్తగా కనిపిస్తుంది. పదేళ్లకు అటు పాతదీ కాదు, ఇటు కొత్తదీ కాదు. కొనేవాడూ ఉండడు.

చట్టం ఏమంటుంది

ఈ తేడాను చట్టం కూడా పట్టించుకుంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే మాట గట్టిగా చెప్పింది. ఇంజను మార్పు, ఇంధనం మార్పు లాంటివాటికి ఆర్టీవో అనుమతి ముందే ఉండాలి.

2021 జులైలో కేంద్రం పాత బండ్ల కోసం విడి నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటిన, వ్యాపారానికి వాడని ద్విచక్ర, నాలుగు చక్రాల బండ్లను వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. కొత్తగా అయితే 20,000 రూపాయలు, పునరుద్ధరణకు 5,000. చెల్లుబాటు పదేళ్లు. కొత్తవాటికి వీఏ అక్షరాల నంబరు, ముందే నంబరున్న బండి దాన్ని ఉంచుకోవచ్చు. షరతులు రెండు. ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు ఉండకూడదు. ప్రదర్శన, ర్యాలీ, సాంకేతిక పరిశోధన, మరమ్మతు, పెట్రోలు పోయించుకోవడం లాంటి పనులకే రోడ్డెక్కాలి. 1961లో మొదలైన హెరాల్డుల్లో చాలావాటికి ఈ వయసు దాటింది. మెటాడోర్ ఇంజను ఉన్న అంబాసిడర్‌కు, టాపు కోసిన హెరాల్డుకు మాత్రం ఈ తలుపు మూసుకున్నట్టే. రోజూ నడపాలనుకుంటే మామూలు రిజిస్ట్రేషన్‌నే ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి.

విలువ ఎక్కడుంది

ఇంగ్లండులో పాత కార్లు బతికి ఉండటానికి సెంటిమెంటు ఒక్కటే కారణం కాదు, విడిభాగాల పరిశ్రమ కూడా. బ్రిటీష్ మోటార్ హెరిటేజ్ సంస్థ 1988లో ఎం.జి.బి. బాడీని పాత అచ్చులతోనే కొత్తగా తయారు చేయడం మొదలుపెట్టింది. మనకు అలాంటి సంస్థ లేదు. ఉన్నది లేత్ మిషను ముందు నిలబడే మనిషి. గనులు, లారీల పుణ్యమా అని ఈ జిల్లాలో అలాంటివాళ్లకు కొదవలేదు. గన్‌మెటల్ బుష్షు తిప్పడం, బ్రేకు షూకు లైనింగు అంటించడం, కమాను పట్టీలకు మళ్లీ వంపు పెట్టడం, పగిలిన పోత భాగాన్ని అతకడం వాళ్లకు రోజువారీ పని. ఇంగ్లండు నుంచి తెప్పిస్తే కస్టమ్స్ కట్టి వారాలు ఆగాల్సిన ముక్క ఇక్కడ మర్నాటికి చేతిలో ఉంటుంది. అసలు ముక్క నమూనాగా చూపించగలిగితేనే సుమా.

పాత బ్రిటీషు కారు విలువ ఈ పనితనంతో ముడిపడి ఉంది. దాని ప్రతి లోపానికీ కంటితో చూడగల కారణం ఉంటుంది. చెవికి వినపడే గుర్తు, చేతికి అందే మందు కూడా ఉంటాయి. పాలిటెక్నిక్ చదివే పిల్లవాడికి ఇంజను అంటే ఏమిటో నేర్పడానికి స్కానరు పెట్టే కొత్త కారు కంటే ఎస్‌.యు. కార్బొరేటరున్న అంబాసిడర్ మంచి గురువు. బెంగళూరులో కర్ణాటక వింటేజ్ అండ్ క్లాసిక్ కార్ క్లబ్, హైదరాబాదులో దక్కన్ హెరిటేజ్ ఆటోమొబైల్ అసోసియేషన్ ఉన్నాయి. ధర్మస్థలంలో మంజూషా మ్యూజియం పాత కార్లను జనానికి చూపిస్తోంది. బెంగళూరు, హైదరాబాదుల మధ్య ఉన్న మన ఊళ్లలో కార్లూ ఉన్నాయి, మేస్త్రీలూ ఉన్నారు. వాళ్లను కలిపే ప్రయత్నమే ఇంకా జరగాలి.

మీ ఇంట్లోనో, బంధువుల షెడ్డులోనో పాత అంబాసిడర్, హెరాల్డు నిలిచి ఉంటే తుక్కువాడికి కబురు పెట్టే ముందు ఆర్సీ వెతకండి, ఛాసిస్ నంబరు చూడండి. బాగు చేయిస్తే ఊడదీసిన ప్రతి పాత ముక్కనూ పేరు రాసి పెట్టెలో దాచండి. పెద్ద మేస్త్రీ పక్కన ఒక కుర్రవాడిని నిలబెట్టి, చేసే పనిని ఫోనులో వీడియో తీయించండి. ముక్కలు కావాలంటే రేపైనా లేత్ మీద తిప్పించుకోవచ్చు. ఆ చెవి, ఆ చేతివాటం పోతే మళ్లీ తయారు చేయించుకునే చోటు లేదు.